ఆ పెళ్లి గౌను కుట్టిందెవరు?

1953 సెప్టెంబరు. పెళ్లికి ఇంకా పది రోజులే ఉందనగా న్యూయార్క్‌లోని ఒక చిన్న కుట్టుశాలలో నీటి గొట్టం పగిలింది. పెళ్లి కోసం కుడుతున్న 15 గౌన్లలో పది తడిసి పాడయ్యాయి. వాటిలో పెళ్లికూతురిది కూడా ఉంది. ఆ పెళ్లికూతురు జాక్వెలీన్ బువియే, పెళ్లికొడుకు సెనేటర్ జాన్ ఎఫ్. కెనెడీ. కుట్టుశాల యజమాని ఆన్ లో అనే నల్లజాతి మహిళ.

పెళ్లికూతురి గౌను రెండు నెలల పని. దంతపు రంగు పట్టు టఫెటా 50 గజాల దాకా పట్టింది. నడుము వరకు బిగువుగా ఉండి, అక్కణ్నుంచి లంగా గుండ్రంగా విచ్చుకుంటుంది. పైభాగమంతా సన్నని మడతల వరసలు, లంగా మీద అదే గుడ్డను చుట్లుచుట్లుగా తిప్పి కుట్టిన పెద్ద వలయాలు. టఫెటా మొండి గుడ్డ. సూది తప్పుగా దిగితే ఆ గుచ్చు అలాగే కనిపిస్తుంది, విప్పి మళ్లీ కుడితే మాసిపోదు. అలాంటి గుడ్డతో ఆన్ మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టారు. పట్టు తిరిగి కొని, రెండు రోజులు కత్తిరింపు, మూడు రోజులు కుట్టు. 700 డాలర్లు మిగలాల్సిన చోట 2,200 డాలర్ల నష్టం వచ్చింది. పెళ్లివారికి ఆ సంగతి చెప్పనే లేదు.

గౌన్లు పట్టుకుని న్యూపోర్ట్‌లోని పెళ్లింటికి వెళితే పనివాళ్లు వచ్చే దారిన రమ్మన్నారట. ముందు గుమ్మంలోంచి రానివ్వకపోతే గౌన్లు వెనక్కి తీసుకుపోతానని ఆమె తెగేసి చెప్పాకే లోపలికి పంపారని చెబుతారు. ఆ తెగువ ఒక్కరోజులో వచ్చింది కాదు.

ఆన్ అలబామా రాష్ట్రంలోని క్లేటన్‌లో పుట్టారు. అమ్మమ్మ బానిసత్వం చవిచూసిన మనిషి. అమ్మమ్మా, అమ్మా ఇద్దరూ ధనిక శ్వేతజాతి స్త్రీలకు బట్టలు కుట్టి బతికారు. చిన్నపిల్లగా ఉన్నప్పుడే ఆన్ మిగిలిన పీలికలతో పెరటి పూలను చూసి గుడ్డ పూలు చేసేవారు. ఆ పూలే తర్వాత ఆమె గౌన్లకు గుర్తయ్యాయి. 1914లో తల్లి హఠాత్తుగా చనిపోయేనాటికి అలబామా గవర్నరు భార్యకు కుడుతున్న గౌన్లు సగంలో ఉన్నాయి. ఆన్ వాటిని పూర్తిచేసి అప్పగించారు. అప్పటికామె వయసు పదహారు. 1917లో న్యూయార్క్‌లో డిజైన్ బడిలో చేరితే, తెల్ల విద్యార్థుల పక్కన కాకుండా వేరే గదిలో ఒంటరిగా కూర్చోబెట్టారు. తర్వాత ఆ బడిలోనే ఆమె పనిని తోటివాళ్లకు నమూనాగా చూపించారు.

1947లో ఒలీవియా డి హావిలాండ్ ఆస్కార్ అందుకున్నప్పుడు వేసుకున్న గౌను ఆన్ చేతిదే. దాని మీద ఉన్న పేరు మాత్రం ఆమె పనిచేసిన దుకాణానిది. కెనెడీ పెళ్లిలోనూ అంతే. ఆ గౌను గుడ్డ గురించీ కుట్టు గురించీ పత్రికలు రాశాయి గానీ కుట్టిన మనిషి పేరు దాదాపు ఎక్కడా రాలేదు. 1961లో ఒక మహిళల పత్రిక ఆమెను పేరు లేకుండా నల్లజాతి కుట్టుమనిషిగా మాత్రమే ప్రస్తావించింది. మనసు నొచ్చుకుని ఆన్ నేరుగా జాక్వెలీన్‌కే ఉత్తరం రాశారు.

ఆమె చేతిలో డబ్బు నిలవలేదు. గొప్పింటివాళ్లు బేరమాడితే ధర తగ్గించేవారు. పట్టుకీ పనివాళ్ల కూలికీ అయిన ఖర్చు కూడా రాని గౌన్లున్నాయి. 1962లో పన్ను బకాయిలతో దుకాణం మూతపడింది. నీటికాసులతో ఒక కన్ను తీసేయాల్సి వచ్చింది. ఆ పన్ను బకాయి ఎవరో పేరు చెప్పకుండా కట్టారు. జాక్వెలీనే కట్టి ఉంటారని ఆన్ నమ్మకం. అది నిజమైతే మంచి మనసే. కానీ ఆ కుటుంబం ఆమె పేరు నలుగురిలో చెప్పి ఉంటే ఆమెకు ఇంకా ఎక్కువ మేలు జరిగేదని నా అభిప్రాయం. పేరే కదా కొత్త గిరాకీని తెచ్చేది!

ఆన్ 1981లో కన్నుమూశారు. అసలు గౌను బోస్టన్‌లోని కెనెడీ గ్రంథాలయంలో భద్రంగా ఉంది. 2023లో డెలావేర్ రాష్ట్రంలోని వింటర్‌థర్ మ్యూజియం ఆన్ లో పేరు మీదే పెద్ద ప్రదర్శన పెట్టింది. దానికోసం ఆ పెళ్లి గౌనుకు నకలు కుట్టించారు.