పక్షబలము లేని ప్రధానులు

రాయపూరు నుండి దుర్గునకు పోవు గ్రేట్ ఈస్టర్న్ రోడ్డు సుపేలా మీదుగా సాగుచున్నది. నేడిది భిలాయి ఉక్కునగరములో రద్దీగల పేట. సోవియట్ రష్యాతో 1955 ఫిబ్రవరిలో ఒప్పందము కుదిరి కర్మాగారము వచ్చుటకు పూర్వము ఈ చుట్టుపట్లనున్నవి వరిచేలు, చెరువులు, చిన్న పల్లెలు. ఉక్కుపనికై ఆంధ్రదేశము నుండి వచ్చి ఇచట స్థిరపడిన కుటుంబములు పెక్కు గలవు. అయితే వారికంటె ఎంతో ముందుగనే ఒక తెలుగింటి బిడ్డ ఈ సీమకు కొన్ని మాసములు గవర్నరుగను, కొన్ని మాసములు ప్రధానమంత్రిగను ఉండిపోయెను. ఆయన బిలాసపూరు బారిస్టరు ఇ. రాఘవేంద్రరావు.

ఆయన కథ ఒక్క మనుష్యుని కథ కాదు. పక్షకలహములకు ఎడముగా నిలిచి, మితభాషియై, ఎల్లవారిని కలుపుకొని పోగలవానివలె కనిపించు నాయకుడు, వెనుక పక్షబలము లేకయే రాజ్యము చేయగలడా? పక్షము ఎన్నుకొన్న నాయకుడైనను దాని అదుపును త్రోసి స్వతంత్రముగా పాలింపగలడా? ఈ రెండు ప్రశ్నలకును మధ్య పరగణాల చరిత్రయందు, పదునారు మాసముల వ్యవధిలో, రెండు ప్రయోగములు జరిగినవి. మొదటిది రాఘవేంద్రరావుది, రెండవది డాక్టరు నారాయణ భాస్కర్ ఖరేది.

సుపేలాకు పడమట దుర్గు, తూర్పున రాయపూరు, రాయపూరునకు ఉత్తరముగా బిలాసపూరు. 1923 ఎన్నికలలో నాగపూరు శాసనమండలికి ఈ ఛత్తీస్‌గఢ్ పట్టణముల నుండి వెళ్ళిన స్వరాజ్య పక్షీయులలో దుర్గునకు చెందిన ఘనశ్యామసింగ్ గుప్త, రాయపూరునకు చెందిన రవిశంకర్ శుక్లా, బిలాసపూరునకు చెందిన రాఘవేంద్రరావు ముఖ్యులు. అప్పటి ద్వంద్వ ప్రభుత్వమును లోపలి నుండియే స్తంభింపజేయుట ఆ పక్షపు సంకల్పము. పెక్కు రాష్ట్రములలో అది మాటగనే మిగిలెను గాని, మధ్య పరగణాలలో స్వరాజ్యవాదులకు నిక్కమైన ఆధిక్యత లభించుటచే సంకల్పము క్రియారూపము దాల్చెను. మంత్రులపై అవిశ్వాసము ప్రకటించిరి, ఖర్చుపద్దులను త్రోసివేసిరి, మంత్రి జీతమును ఏడాదికి రెండు రూపాయలుగా నిర్ణయించిరి. మంత్రులు నిలువలేకపోయిరి. ఆ శాఖలను గవర్నరు తన చేతిలోనికి తీసికొనవలసివచ్చెను.

తలుపు మూయుట తెలిసినవారికి మూసిన తలుపు ముందు ఎంతకాలము కూర్చుండవలెనో తెలియలేదు. మంత్రులు లేని రాష్ట్రములో పాఠశాలలు, ఆసుపత్రులు, స్థానిక సంఘములు గవర్నరు దయపై నడచుచుండెను. బిలాసపూరు పురపాలక సంఘమును నడిపిన అనుభవముగల రాఘవేంద్రరావునకు ఈ స్థితి రుచింపకుండుట సహజమే. 1925లో శాసనమండలి అధ్యక్షుడైన స్వరాజ్యవాది శ్రీపాద బలవంత తాంబే గవర్నరు కార్యనిర్వాహక మండలిలో ప్రవేశించగా పక్షము రెండుగా చీలెను. ప్రతిసహకారవాదమను క్రొత్తమాట పుట్టెను. ఇచ్చినంత అధికారమును పుచ్చుకొని వాడుకొందము, తక్కినదానికి పోరాడుదము అనునదే దాని సారము. రాఘవేంద్రరావు ఈ దారినే పట్టి 1927లో మంత్రి అయ్యెను.

ఇది ద్రోహమని ఆనాటి కాంగ్రెసువారు కొందరు తలచిరి. నేడు ఆ మాటను అంత సులభముగా అనుటకు వీలులేదు. పది సంవత్సరములకు కాంగ్రెసు తానే మంత్రిపదవులను స్వీకరించెను గదా! తప్పు పదవి పుచ్చుకొనుటలో లేదు. పుచ్చుకొన్న పదవి ఎవరి బలముపై నిలుచుచున్నది అనుచోట ఉన్నది. శాసనమండలిలో రాఘవేంద్రరావు వెనుక నిలిచినది చిన్న చిన్న గుంపుల పొత్తు. అట్టి పొత్తు గవర్నరు కనుసన్నల నుండి తప్పించుకొని మనజాలదు. 1930లో ఆయన కార్యనిర్వాహక మండలిలో హోం సభ్యుడయ్యెను. ఆ ఏడాదియే శాసనోల్లంఘనము ఆరంభమయ్యెను. మధ్య పరగణాలలో ఉప్పు వండుటకు సముద్రము లేదు గనుక ప్రజలు అడవి చట్టములను ధిక్కరించి గడ్డి కోసిరి, కట్టె కొట్టిరి. శుక్లా మొదలగువారు చెరసాలకు పోయిరి. శాంతిభద్రతల శాఖకు అధిపతి ఎవరు? వారితో కలిసి నాగపూరు సభలో ఒకే వరుసను కూర్చున్న రాఘవేంద్రరావు. ఆయన మృదుస్వభావము, మితవాదము ఈ చోట ఆయనకు గాని, ఆయన మిత్రులకు గాని ఎట్టి ఉపకారమును చేయలేదు. పక్షమును వదలి స్వతంత్రుడైతినని తలచినవాడు, అంతకంటె బరువైన మరియొక యజమానుని క్రిందికి వచ్చియుండెను.

1936లో గవర్నరు సెలవుపై పోగా రాఘవేంద్రరావు కొన్ని మాసములు తాత్కాలిక గవర్నరుగా వ్యవహరించెను. ఇచట ఒక వింత చెప్పదగియున్నది. ఆ సంవత్సరమే మద్రాసులో జస్టిసు పక్షమునకు చెందిన కూర్మా వేంకటరెడ్డి నాయుడును తాత్కాలిక గవర్నరుగా ఉండెను. రెండు రాష్ట్రముల గద్దెలపైన ఇరువురు తెలుగువారు! మరుసటి సంవత్సరము ఆ ఇరువురే మరల ఒకే పాత్రను ధరింపవలసివచ్చెను.

1937 ఎన్నికలలో మధ్య పరగణాల శాసనసభయందలి 112 స్థానములలో కాంగ్రెసు స్పష్టమైన ఆధిక్యతను పొందెను. గవర్నర్లు తమ విశేషాధికారములను ప్రయోగింపబోమని మాట యిచ్చిననే గాని పదవులు స్వీకరింపమని కాంగ్రెసు పట్టుబట్టెను. ఏప్రిలు 1వ తేదీన క్రొత్త రాజ్యాంగము అమలులోనికి రావలసియుండెను. గద్దె ఖాళీగా ఉండరాదు గనుక, నాగపూరులో రాఘవేంద్రరావు, మద్రాసులో వేంకటరెడ్డి నాయుడు మధ్యకాలపు ప్రధానులైరి. శాసనసభను ఆరు మాసముల వరకు పిలువకుండుటకు చట్టమునందు సందు కలదు. ఆ సందులోనే ఈ ప్రభుత్వములు నివసించినవి. సభ యెదుటకు పోయినచో ఒక్క దినమైనను నిలువజాలని మంత్రివర్గములవి. జూలైలో వార్ధాయందు కాంగ్రెసు కార్యవర్గము పదవీస్వీకారమునకు సమ్మతింపగనే వీరు దిగిపోయిరి. మూడున్నర మాసములు. పక్షము లేని ప్రధాని సమర్థుడా, అసమర్థుడా యని పరీక్షించుటకైనను ఆ కాలము చాలదు. ఆయన అచట ఉన్నది పాలించుటకు కాదు, కుర్చీని కాచుటకు.

రెండవ ప్రయోగము ఇంతకంటె చిక్కైనది. 1937 జూలైలో ప్రధాని యైన ఖరే వైద్యుడు, నాగపూరు మరాఠీ నాయకుడు, ఎన్నికైన కాంగ్రెసువాడు. ఆయనకు పక్షబలము లేదనుటకు వీలులేదు. అయితే ఆ రాష్ట్రమునందలి కాంగ్రెసు ఒక్కటి కాదు. హిందీ మాటాడు మహాకోసలము, మరాఠీ మాటాడు నాగపూరు, విదర్భ - మూడు వేరు వేరు కాంగ్రెసు సంఘములుండెను. సంఖ్యలో మహాకోసలమే పెద్దది. ఆ పెద్దసంఖ్య సమ్మతింపనిదే నాగపూరు మనిషి నాయకుడు కాజాలడు. అనగా ఖరే కూర్చున్న కుర్చీ ఆయనది. దాని కాళ్ళు ఇతరులవి. మంత్రివర్గములో శుక్లా, ద్వారకాప్రసాద్ మిశ్రా, దుర్గాశంకర్ మెహతా మహాకోసలమువారు. తగవులు త్వరలోనే బయటపడెను. 1938 మే నెలలో పచ్‌మఢీలో సర్దారు పటేలు సమక్షమున ఒక రాజీ కుదిరెను గాని అది రెండు నెలలైనను నిలువలేదు.

జూలై 20వ తేదీన ఖరే రాజీనామా ఇచ్చి, తక్కినవారిని కూడ ఇమ్మనెను. ప్రధాని తప్పుకొన్నచో మంత్రులందరును తప్పుకొనుట ఇంగ్లండు మర్యాద గదా యని ఆయన వాదము. గోలే, దేశముఖ్ రాజీనామా ఇచ్చిరి. మహాకోసలపు ముగ్గురు నిరాకరించిరి. తమను పదవిలో నుంచినది కాంగ్రెసు. కాంగ్రెసు ఆజ్ఞ లేనిదే దిగబోమనిరి. గవర్నరు సర్ ఫ్రాన్సిస్ వైలీ ఆ రాత్రి గడచి తెల్లవారక మునుపే ఆ ముగ్గురిని పదవీచ్యుతులను గావించి, ఖరే చేతనే క్రొత్త మంత్రివర్గమును ఏర్పరచెను. చట్టము ప్రకారము ఇందులో లోపము లేదు. లోపము వేరుచోట ఉండెను. స్వరాజ్యమునకై పోరాడు సంస్థకు చెందిన ప్రధాని, తన సహచరులను తొలగించుటకు గవర్నరు చేతిని వాడుకొనెను. ఆ ఒక్క రాత్రిలో ఆయన మితవాదము, ఆయన ఫిర్యాదులలోని న్యాయము - అన్నియు మరుగుపడెను. జూలై 23వ తేదీన, అనగా మూడు దినములలో, ఖరే మరల రాజీనామా ఇచ్చెను. వార్ధాలో కూడిన కార్యవర్గము ఆయన బాధ్యతగల పదవులకు తగడని తీర్మానించెను. గవర్నరు తొందరపాటును కూడ తప్పుపట్టెను. 27వ తేదీన శాసనసభా కాంగ్రెసు పక్షము శుక్లాను నాయకునిగా ఎన్నుకొనెను.

ఖరే తన పక్షమున చెప్పుకొన్నది త్రోసివేయదగినది కాదు. ప్రధాని శాసనసభకు జవాబుదారియా, వార్ధాలో కూర్చున్న నలుగురికా? సభలో ఒక్క ఓటు పడకుండ, సభ్యులను అడుగకుండ, ప్రధానిని దించుట ప్రజాస్వామ్యమగునా? మహాత్ముడు ఆ ఆగస్టులో ‘హరిజన్’ పత్రికలో దీనికి జవాబు వ్రాసెను: కాంగ్రెసు అప్పటికి సామ్రాజ్యముతో పోరాడు సేన, సేనలో ప్రతి దళపతియు తన యిష్టమువచ్చినట్లు నడువరాదు అని దాని భావము. పరాయి ప్రభుత్వము నెత్తిపై నున్నంతవరకు ఆ జవాబు బలమైనదే. పరాయివారు పోయిన పిదప కూడ అధిష్ఠాన వర్గములు ఆ జవాబునే వల్లించుచుండుట వేరు సంగతి. 1938లో యుద్ధధర్మముగా చెప్పబడినది క్రమముగా నిత్యధర్మమైనది. 1985లో ఫిరాయింపుల నిషేధ చట్టము పక్షాజ్ఞను రాజ్యాంగములోని పదవ షెడ్యూలునకే ఎక్కించెను.

శుక్లా పక్షమును కాదనలేదు. దానిని తన వెంట నడిపించెను. 1938 నుండి 1956 డిసెంబరు 31న మరణించువరకు, నడుమ యుద్ధకాలపు విరామము తప్ప, ప్రభుత్వము ఆయనదే. ఉక్కు కర్మాగారము మధ్యప్రదేశునకే రావలెనని ఆయన ఢిల్లీలో గట్టిగా పట్టుబట్టెను. ఆ పట్టును ఢిల్లీ లెక్కపెట్టినదన్నచో, సభలో ఆయన వెనుకనున్న చేతులను కూడ లెక్కించియే. సుపేలా పల్లెతనము మారుటకు మూలము అచట నున్నది. ఘనశ్యామసింగ్ గుప్త త్రోవ వేరు. 1937 నుండి 1952 వరకు ఆయన శాసనసభాపతి. రాజ్యాంగమును హిందీలోనికి తెచ్చిన సంఘమునకు అధ్యక్షుడును ఆయనయే. పక్షమునకు ఎడముగా నుండియు గౌరవము పోగొట్టుకొనక నిలిచినది ఈ మువ్వురిలో ఆయనయొక్కడే. సభాపతి పాలింపడు గనుక అది సాధ్యమయ్యెను.

రాఘవేంద్రరావు 1941లో వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో పౌరరక్షణ సభ్యుడై, 1942 జూనులో, క్విట్ ఇండియా పిలుపునకు రెండు నెలల ముందు, ఢిల్లీలో కన్నుమూసెను. మరుసటి ఏడాది ఆ మండలిలోనికే ఖరే వచ్చి చేరెను. పక్షమునకు పైన నిలువగోరిన ఇరువురును, ఒకరు మితవాదము దారిని, మరియొకరు కలహపు దారిని, తుదకు చేరిన బల్ల ఒక్కటే.

1938లో పక్షాజ్ఞ లేనిదే దిగనని భీష్మించిన మువ్వురిలో ద్వారకాప్రసాద్ మిశ్రా ఒకడు. ఛత్తీస్‌గఢ్‌లోని కస్డోలు ఉపయెన్నికలో నెగ్గి 1963లో ఆయన మధ్యప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యెను. పక్షమునకు తాను విధేయుడు గనుక పక్షము తనకు విధేయమై యుండునని ఆయన నమ్మెను గాబోలు. 1967 జూలైలో గోవింద్ నారాయణ్ సింగ్ నాయకత్వమున 36 మంది కాంగ్రెసు సభ్యులు ఒక్కుమ్మడిగా లేచి ప్రతిపక్షపు వరుసలకు పోయిరి. ఆ నెలాఖరునకు భోపాలులో ముఖ్యమంత్రి గోవింద్ నారాయణ్ సింగ్.