కాలనీ: ఒకే మాట, రెండు చిరునామాలు

‘కాలనీ’ ఇంగ్లీషు నుంచి మనకు వచ్చిన మాట. దాని మూలం లాటిన్ ‘కొలోనియా’. ‘కొలోనస్’ అంటే సేద్యం చేసేవాడు. తెలుగులో దీనికి మూడు వాడుకలున్నాయి.

1. పరాయి దేశం ఏలుబడిలోని ప్రాంతం. దీన్నే వలసరాజ్యం అంటాం.

2. పట్టణంలో ఇళ్ల సముదాయం. బ్యాంక్ కాలనీ, ఎన్జీవోస్ కాలనీ, ఎల్ఐసీ కాలనీ లాంటివి. ఈ చిరునామా ఉద్యోగాన్ని, హోదాను చెబుతుంది.

3. పల్లెలో దళితవాడ. ఈ చిరునామా కులాన్ని చెబుతుంది.

రెండో అర్థంలో కాలనీకి ముందు ఒక పేరు కావాలి. మూడో అర్థంలో పేరే అక్కర్లేదు. హనుమాన్ జంక్షన్, నూజివీడు చుట్టుపక్కల పల్లెల్లో “కాలనీ వాళ్లు” అంటే చాలు, ఎవరో అందరికీ తెలుసు. మామిడి కోతకు మనుషులు కావాలంటే “కాలనీలో అడగండి” అంటారు. “మీ ఇల్లు ఊళ్లోనా, కాలనీలోనా?” అనేది కులం పేరెత్తకుండా కులం అడగడమే. ఆ ప్రశ్నలో కాలనీ ఊరు కాదు.

ఈ వాడకు పేర్లు మారుతూ వచ్చాయి. ఉన్నవ లక్ష్మీనారాయణ 1922లో తన నవలకు ‘మాలపల్లి’ అనే పేరు పెట్టారు. తర్వాత ‘హరిజనవాడ’ అన్నారు. ప్రభుత్వం స్థలాలిచ్చి ఇళ్లు కట్టించాక ‘ఎస్సీ కాలనీ’ అయింది. పేరు మారినా ఊరికీ వాడకూ మధ్య దూరం అలాగే ఉండటంతో, కొత్త మాటకూ పాత అర్థమే అంటుకుంది.

అయితే ఈ మాటకు పోరాట చరిత్ర కూడా ఉంది. 1985 జూలై 17 నాటి కారంచేడు మారణకాండ తర్వాత బాధితులు చీరాలకు తరలివచ్చారు. అక్కడి విజయనగర్ కాలనీ వారి పునరావాసానికి, పోరాటానికి గుర్తుగా నిలిచింది.

కేరళ ప్రభుత్వం 2024 జూన్‌లో దళిత, ఆదివాసీ నివాసాలకు ‘కాలనీ’ అనే పేరు వద్దని ఉత్తర్వు ఇచ్చింది. అది కించపరిచేలా ఉందన్నది కారణం. తమిళనాడు ముఖ్యమంత్రి స్టాలిన్ 2025 ఏప్రిల్‌లో ఈ మాటను ప్రభుత్వ రికార్డుల నుంచి తొలగిస్తామని శాసనసభలో ప్రకటించారు.

రేషన్ కార్డు మీద, ఉద్యోగ దరఖాస్తులో ఉండే చిరునామా కులాన్ని బయటపెట్టకూడదు. కాబట్టి పేరు మార్పు అవసరమే. ఆ కొత్త పేరును ఎంచుకోవాల్సింది అక్కడ బతికేవాళ్లు. ఇక పేరుతో పాటు శ్మశానానికి దారి, తాగునీరు, సాగుభూమి కూడా రాకపోతే, ‘నగర్’ అన్నా రేపటికి అర్థం ‘కాలనీ’యే అవుతుంది.