పరైటకీనె యుద్ధం: బల్లమీది పునర్నిర్మాణం – ఒక పాఠ్య పరిశీలన

క్రీ.పూ. 323లో అలెగ్జాండర్ బాబిలోన్‌లో మరణించిన తరువాత అతని సేనానులు సామ్రాజ్యం కోసం దాదాపు నాలుగు దశాబ్దాలు తమలో తాము పోరాడారు. చరిత్రలో వీరికి ‘డయాడొకై’, అంటే వారసులు, అని పేరు. వీరిలో అంటిగోనస్‌కూ యూమెనీస్‌కూ మధ్య క్రీ.పూ. 317లో (మరొక కాలగణన ప్రకారం 316లో) నేటి ఇరాన్‌లోని పరైటకీనె ప్రాంతంలో ఒక పెద్ద యుద్ధం జరిగింది. ప్రాచీన యుద్ధాలను చిన్న బొమ్మలతో, పాచికలతో, కొలబద్దతో బల్లమీద తిరిగి నడిపించే క్రీడను ఆంగ్లంలో వార్‌గేమ్ అంటారు. పరైటకీనెను ఆ విధంగా పునర్నిర్మించబూనినవారు మొదట చేయవలసిన పని ఆడటం కాదు, చదవటం. ఆధారగ్రంథంలోని ప్రతి వాక్యాన్నీ ఒక పలకగా, ఒక దూరంగా, ఒక సంఖ్యగా మార్చాలి. అన్వయం కుదరని పద్యం దగ్గర వ్యాఖ్యాత ఆగిపోయినట్లే, లెక్క కుదరని వాక్యం దగ్గర నియమావళి రచయిత ఆగిపోతాడు. క్రీడా నియమావళిని ఒక వ్యాఖ్యానంగా పరిగణించి, అది ఎక్కడెక్కడ ఆగిపోతుందో పరిశీలించటం ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ క్రీడకు గౌరవనీయమైన పూర్వచరిత్రే ఉంది. 1824లో ప్రష్యా సైన్యాధికారి రైస్విట్జ్ ప్రకటించిన ‘క్రీగ్‌స్పీల్’ సైనిక శిక్షణకు సాధనమైంది. 1913లో హెచ్.జి. వెల్స్ ‘లిటిల్ వార్స్’ ద్వారా దానిని ఇంటి వినోదంగా మలిచాడు. లండన్ కింగ్స్ కాలేజీ ఆచార్యుడు ఫిలిప్ సాబిన్ 2007లో ‘లాస్ట్ బ్యాటిల్స్’ గ్రంథంలో 35 ప్రాచీన యుద్ధాలను ఒకే నియమావళి కిందకు తెచ్చి పోల్చాడు. ఆ తరువాత ఈ పద్ధతిని కాలక్షేపమని తోసిపుచ్చటం సులభం కాదు. చదరంగంతో దీనికి బంధుత్వం చెప్పటం పరిపాటి. అయితే భేదం మౌలికమైనది. చదరంగంలో ఇరుపక్షాల బలం సమానం, కనుక గెలుపు కేవలం బుద్ధిబలానిది. పునర్నిర్మాణంలో బలాలు అసమానం. ఎంత అసమానమో తేల్చటమే అసలు సమస్య.

పరైటకీనెకు ప్రధాన ఆధారం డయొడోరస్ చరిత్రగ్రంథంలోని 19వ సంపుటం. అతడు యుద్ధానికి దాదాపు మూడు శతాబ్దాల తరువాతివాడు. ఈ ఘట్టంలో అతడు అనుసరించిన మూలం కార్డియా నగరవాసి హైరానిమస్ రచన అని పండితులు సాధారణంగా అంగీకరిస్తారు. ఆ రచన నేడు లభించదు. హైరానిమస్ యూమెనీస్‌కు స్వస్థలం వాడు, మిత్రుడు, అతని పక్షాన ఉన్నవాడు. ఈ సంగతిని బొమ్మలు పేర్చేటప్పుడు మరిచిపోకూడదు.

డయొడోరస్ మొదట సేనల మొత్తాలను, ఆపై దళాలవారీ వివరాలను ఇచ్చాడు. అంటిగోనస్ పక్షాన 28,000 పదాతి, 8,500 అశ్వబలం, 65 ఏనుగులు. యూమెనీస్ పక్షాన 35,000 పదాతి, 6,100 అశ్వబలం, 114 ఏనుగులు. వివరాలను కూడితే మొత్తాలు రావు. యూమెనీస్ ఎడమ పక్షం ముందు 45, ఫలాంక్స్ ముందు 40, కుడి పక్షం వెంట 40 ఏనుగులు నిలిచాయని చెప్పాడు, అంటే 125. ఈ ఏనుగులను భారతదేశం నుంచి తెచ్చిన యూడామస్ వచ్చేటప్పుడు వాటి సంఖ్య 120 అని అదే సంపుటంలో ఉంది. అంటిగోనస్ అశ్వదళాలను ఒక్కొక్కటిగా కూడితే పదివేలు దాటుతుంది. అతని పదాతి వివరాలు మాత్రం మొత్తానికి సరిపోతాయి: కిరాయి సైనికులు 9,000, లిసియా పాంఫీలియాల వారు 3,000, మాసిడోనియా ఆయుధాలు ధరించిన వివిధ జాతులవారు 8,000, అసలు మాసిడోనియన్లు సుమారు 8,000. అయితే ఇదంతా ఫలాంక్స్ బలమే. తేలికపాటి పదాతి ఈ లెక్కలో లేదు. యూమెనీస్ వైపు ఫలాంక్స్‌లోని 17,000 మందిని తీసివేస్తే మిగిలిన 18,000 మంది ఎక్కడ నిలిచారో పాఠం స్పష్టంగా చెప్పదు.

సాధారణ పాఠకుడు ఈ పొంతనలేమిని గమనించకుండా దాటిపోతాడు. పలకలు కత్తిరించవలసిన వ్యక్తి దాటిపోలేడు. ఇక్కడ భారత సంప్రదాయంలోని అక్షౌహిణి గుర్తుకు రావటం సహజం: 21,870 రథాలు, అన్నే ఏనుగులు, 65,610 గుర్రాలు, 1,09,350 మంది కాల్బలం. ఒకటి, ఒకటి, మూడు, ఐదు అనే నిష్పత్తిలో అది ఎక్కడా తప్పదు. తప్పదు గనుకనే అది సైన్యం లెక్క కాదనీ, సైన్యం గురించిన భావన అనీ తెలుస్తుంది. డయొడోరస్ లెక్కలు తప్పుతాయి. ఏనుగులు దారిలో చనిపోతాయి, దళాలు వచ్చి చేరతాయి, ఒక పట్టికను మరొకరు సంక్షేపిస్తారు, నకలు రాసేవాడు ఒక అంకెను జారవిడుస్తాడు. ఈ లెక్కలు తప్పటమే వాటి వెనుక ఒక వాస్తవ పత్రం ఉందనటానికి బలమైన సూచన. ఈ దృష్టితో చూస్తే, మొత్తాన్నో వివరాలనో ‘సరిదిద్ది’ ఏకరూపం కల్పించే నియమావళి ఒక సాక్ష్యాన్ని చెరిపివేస్తున్నట్లే.

తరువాతి చిక్కు స్థలానిది. ఫలాంక్స్ 16 వరుసల లోతున, మనిషికి సుమారు ఒక మీటరు చొప్పున నిలిచిందనుకుంటే అంటిగోనస్ పదాతి రేఖ 1,750 మీటర్లు, యూమెనీస్‌ది వెయ్యి మీటర్లకు కాస్త ఎక్కువ. అశ్వదళాలను ఇరువైపులా చేర్చితే అంటిగోనస్ పంక్తి మూడు కిలోమీటర్లు మించుతుంది. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గల బల్లమీద దీన్ని పరిస్తే పొడవు నాలుగు కిలోమీటర్లకు, వెడల్పు రెండున్నర కిలోమీటర్ల పైచిలుకుకు సమానమవుతుంది. రేఖ ఇముడుతుంది, యుద్ధం ఇమడదు. సాయంత్రం ఇరుసేనలు మళ్లీ బారులు తీరి, పున్నమి వెన్నెలలో ఒకదాని గుర్రాల సకిలింపు మరొకదానికి వినిపించేంత దగ్గరగా కదిలాయనీ, నడిరేయి అయ్యేసరికి మృతులు పడి ఉన్న చోటికి 30 స్టేడియాల దూరం చేరుకున్నాయనీ డయొడోరస్ చెబుతాడు. అది దాదాపు ఐదున్నర కిలోమీటర్లు, అంటే బల్ల వెడల్పుకు రెట్టింపు. సాధారణ నియమావళులన్నీ సేనలు కలిసిన క్షణంతో మొదలై ఒక పక్షం విరిగిన క్షణంతో ముగుస్తాయి. ఈ యుద్ధంలో సగం ఆ రెండు క్షణాలకూ వెలుపల ఉంది.

యూమెనీస్ ఫలాంక్స్‌లో ‘వెండిడాళ్లు’ అని పేరుపొందిన మూడువేల పైచిలుకు మాసిడోనియన్లు ఉన్నారు. ఫిలిప్, అలెగ్జాండర్‌ల కాలం నుంచి యుద్ధాలు చేసినవారు. అత్యంత పిన్నవయస్కులకే దాదాపు అరవై ఏళ్లనీ, ఎక్కువమంది డెబ్బై దగ్గరివారనీ డయొడోరస్ వర్ణన. వారి ధాటికే అంటిగోనస్ ఫలాంక్స్ చెదిరి కొండల దిశగా పారిపోయింది. వెయ్యిమందికి ఒక పలక చొప్పున లెక్కిస్తే మూడు పలకలు ముందు నిలిచి ఇరవై ఎనిమిది పలకల రేఖను విరవాలి. అందుకు క్రీడా రచయితలు వారికి అధికమైన ‘పోరాట విలువ’ కేటాయిస్తారు. పాచిక పడుతుంది, వెండిడాళ్లు గెలుస్తారు, డయొడోరస్ చెప్పింది సంభావ్యమేనని ఋజువైనట్లు కనిపిస్తుంది. నిజానికి ఋజువైనదేమీ లేదు. గ్రంథం నుంచి తీసుకున్న నిర్ణయాన్నే సంఖ్యగా మార్చి మళ్లీ గ్రంథానికి తిరిగి ఇవ్వటం జరిగింది. సాబిన్ పద్ధతి ఈ వలయాన్ని కొంత సడలిస్తుంది. ఒకే రకం దళానికి అనేక యుద్ధాల్లో ఒకే విలువ నిలుస్తుందా అని పరీక్షిస్తే, ఏ ఒక్క కథనం అతిశయోక్తి అయినా బయటపడే అవకాశం ఉంది. కానీ వెండిడాళ్ల కథనాలు రెండూ, పరైటకీనె, గబియీనె, హైరానిమస్ మూలానివే కావటంతో ఆ పరీక్ష ఇక్కడ బలహీనపడుతుంది.

యుద్ధాన్ని మలుపు తిప్పినది ఒక ఖాళీ. గెలుస్తున్న ఫలాంక్స్ ముందుకు సాగటంతో దానికీ, యూడామస్ నాయకత్వంలోని ఎడమ పక్షానికీ మధ్య ఎడం ఏర్పడింది. కొండలకు వెనుదిరగమని సహచరులు చెప్పినా వినక అంటిగోనస్ తన అశ్వదళంతో ఆ ఎడంలోకి దూసుకుపోయాడు. బల్లమీద ఈ ఖాళీ ఇద్దరు ఆటగాళ్లకూ కనిపిస్తుంది. యూమెనీస్ పాత్రధారి తన పలకను ఒక అంగుళం వెనక్కి జరిపితే అంటిగోనస్ సాహసానికి తావే లేదు. మధ్యవర్తి ద్వారా పరిమిత సమాచారమే అందించే క్రీగ్‌స్పీల్ సంప్రదాయం ఈ విషయంలో నేటి చాలా నియమావళుల కన్నా చరిత్రకు దగ్గరగా ఉంది.

ఇక గెలుపు. అంటిగోనస్ పక్షాన మృతులు 3,700 పదాతి, 54 మంది ఆశ్వికులు. యూమెనీస్ పక్షాన 540 పదాతి, అతి కొద్దిమంది ఆశ్వికులు. ఈ అంకెలతో ఏ నియమావళి అయినా విజయాన్ని యూమెనీస్‌కే ఇస్తుంది. కాని ఆ రాత్రి యూమెనీస్ మృతుల వద్దకు మళ్లుదామన్నా సైనికులు ఒప్పుకోక సామాను శిబిరానికే నడిచారు. అంటిగోనస్ తన వారిని బలవంతంగా మృతుల చెంత విడిది చేయించి, శవాలు ఎవరి అధీనంలో ఉంటే వారిదే విజయమని ప్రకటించాడు. గ్రీకు సంప్రదాయం ప్రకారం ఆ వాదన చెల్లుతుంది. మృతదేహాల కోసం యూమెనీస్ దూత వచ్చినప్పుడు అతణ్ణి సాయంత్రం దాకా నిలిపివేసి, ఈలోగా తన మృతుల సంఖ్య ఎవరికీ తెలియకుండా వారికి అంత్యక్రియలు జరిపించాడు. మర్నాడు శవాలు తీసుకుపొమ్మని దూతకు సెలవిచ్చి, ఆ రాత్రే సేనతో మీడియా వైపు తరలిపోయాడు. విజేతనని ప్రకటించుకున్నవాడు రాత్రికిరాత్రి వెళ్లిపోవటాన్ని ఏ విజయ నిబంధన కింద లెక్కించాలి? పరైటకీనెకు రెండు విజయ పట్టికలు ఉండటమే న్యాయం. ఒకటి ప్రాణనష్టానిది, మరొకటి ప్రకటనది. రెండూ భిన్న ఫలితాలు ఇవ్వనివ్వాలి.

బల్లమీదికి ఎన్నటికీ రాని పలక ఒకటుంది. భారతదేశం నుంచి యూడామస్ వచ్చిన తీరే కపటంతో కూడింది. తెలుగు పాఠకులకు పురుషోత్తముడుగా పరిచితుడైన పోరస్‌ను మోసంతో చంపి అతడు ఆ ఏనుగులను సంపాదించాడు. ఆ దండులో భారతీయ సైనికుల నాయకుడు కేటియస్ (గ్రీకు రూపమే మిగిలింది) ఈ యుద్ధంలో మరణించాడు. అతని ఇద్దరు భార్యలు శిబిరంలోనే ఉన్నారు. సహగమనం కోసం ఇద్దరూ పోటీపడ్డారు. పెద్దామె గర్భవతి అని తేలటంతో సేనానులు ఆమెను వారించారు. చిన్నామె నగలు సేవకులకు పంచి, సోదరుడు చేయూతనివ్వగా చితి ఎక్కింది. సైన్యం సాయుధంగా ముమ్మారు ప్రదక్షిణ చేసింది. సతి ఆచారాన్ని గురించిన తొలి గ్రీకు వర్ణనల్లో ఇది ఒకటి. దీనికి డయొడోరస్ కేటాయించిన నిడివి యుద్ధగమనానికి ఇచ్చినదానికి తీసిపోదు. ఆచారానికి అతడు చెప్పిన కారణం, భార్యలు భర్తలకు విషం పెట్టకుండా చేసిన కట్టుబాటన్నది, గ్రీకుల ఊహగానే తీసుకోదగినది. అయినా యుద్ధశిబిరమంటే స్త్రీలు, పిల్లలు, బంధువులు కూడానన్న వాస్తవం ఈ ఘట్టంలో నిలిచి ఉంది.

ఆ వాస్తవమే కొద్ది నెలల్లో గబియీనె వద్ద ఫలితాన్ని నిర్ణయించింది. ఉప్పునేల మీద లేచిన దుమ్ము మాటున అంటిగోనస్ ఆశ్వికులు యూమెనీస్ సేన సామాను శిబిరాన్ని పట్టుకున్నారు. వెండిడాళ్లు రణరంగంలో ఓడలేదు. తమ భార్యాపిల్లలు, జీవితకాలపు సంపాదన శత్రువు చేత చిక్కాయని తెలిసి, వాటికి మారకంగా యూమెనీస్‌నే పట్టి అప్పగించారు. అంటిగోనస్ అతణ్ణి చంపించాడు. చాలా నియమావళుల్లో శిబిరం బల్ల అంచున ఒక చిన్న పలక, దాన్ని కోల్పోతే కొన్ని పాయింట్లు తగ్గుతాయి. గబియీనెలో ఆ పలక విలువ సేనాపతి ప్రాణం.

ఆనాటి బందీలలో గాయపడిన హైరానిమస్ కూడా ఉన్నాడు. అంటిగోనస్ అతణ్ణి ఆదరించి తన కొలువులోకి తీసుకున్నాడు. పరైటకీనె వద్ద దూత కంటబడకుండా దాచిన 3,700 అనే సంఖ్య గ్రంథానికి ఎక్కింది ఆ కొలువు ద్వారానే అయి ఉండాలి.