ఛాట్ బీడీలు చెప్పిన సాక్ష్యం

మా అమ్మ బీడీలు చేసేది. సాయంత్రం కట్టలన్నీ గంపలో సర్దుకొని కార్ఖానాకు పోతుంటే నేను కొంగు పట్టుకొని వెంట పోయేదాన్ని. అక్కడ బీడీలు చూసి తీసుకునేటాయన ఒక్కో కట్టను చేతిలో తిప్పి, ఇవి సన్నగున్నయి, వీటి మూతి సరిగ్గ మలవలేదు అనుకుంటూ కొన్నింటిని తీసి పక్కకు పడేసేవాడు. దాన్నే ఛాట్ అంటరు. ఛాట్ అయిన బీడీలకు కూలి లేదు. పోనీ, ఆ బీడీలైనా మళ్లీ చేతికిచ్చేవాళ్లా అంటే అదీ లేదు. అమ్మ నోరు మెదపకుండ ఖాళీ గంప, మరునాటి ఆకు, తంబాకు తీసుకొని తిరిగొచ్చేది.

ఆ ఛాట్ తీసే పద్ధతే బీడీలు చేసే ఆడవాళ్లను కార్మికులని నిరూపించిందంటే మొదట నేను కూడా నమ్మలేదు. నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల, సిరిసిల్ల వైపు అక్కచెల్లెళ్లకు ఈ పని చేతి వేళ్లకు తెలుసు గానీ దాని వెనక నడిచిన కొట్లాట చాలామందికి తెలియదు. అందుకే ఈ ఏటి నివేదికలో రాస్తున్న.

కథ 1948 నుంచి మొదలు పెట్టాలి. ఆ ఏడు ఫ్యాక్టరీల చట్టం వచ్చింది. కరెంటుతో నడిచే చోట పదిమంది, కరెంటు లేని చోట ఇరవైమంది ఉంటే అది ఫ్యాక్టరీ కిందికి వస్తుంది. గాలి, వెలుతురు, మరుగుదొడ్డి, పని గంటలు, సెలవులు అన్నీ చూడాలి. బీడీకి మిషను అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. చాట, కత్తెర, దారం ఉంటే చాలు. అందుకని చాలామంది యజమానులు కార్ఖానాలను చిన్నచిన్నవిగా చేసి, పనిని ఠేకేదార్ల చేతుల మీదుగా ఇళ్లకు పంపిచ్చిన్రు. తంబాకు దుమ్ము కూడ పనితోపాటే ఇంట్లకొచ్చింది. ఊయలలో పిల్ల, పొయ్యి మీద కూర, ఒళ్లో తంబాకు చాట.

అప్పుడు యజమానులు కోర్టుల్లో చెప్పిన మాట ఒక్కటే: ఆమె ఎప్పుడు కూర్చుంటదో, ఎప్పుడు లేస్తదో మాకు తెల్వదు, మేం చూడలేదు, ఆమె మా మనిషి కాదు. కోర్టులు కూడా ఒక్క దారిన నడవలేదు. బయట పని చేయించి బీడీలు తెచ్చిచ్చే సట్టేదార్లు ఫ్యాక్టరీ చట్టం కింద కార్మికులు కారని 1958లో సుప్రీంకోర్టు అన్నది. 1960లో నాగపూర్ నుంచి వచ్చిన కేసులో, కార్ఖానాలో కూర్చొని బీడీలు చేసేవాళ్లు పనివాళ్లేనన్నది. మరుసటి ఏడే ఇంకో కేసులో, తన ఇష్టమొచ్చినప్పుడు వచ్చిపోయే బీడీ పనివాడు ఫ్యాక్టరీ కార్మికుడు కాడన్నది.  ఈ కేసుల్లో ప్రశ్న ఇంటి గడపలో కూర్చున్న ఆడమనిషి గురించి కాదు.

1966లో పార్లమెంటు బీడీ, సిగార్ కార్మికుల కోసం వేరే చట్టం చేసింది. యజమాని గానీ, ఠేకేదారు గానీ ఆకు, తంబాకు ఇస్తే ఇంట్లో బీడీలు చేసే మనిషి కూడా కార్మికురాలేనని అందులో రాసిన్రు. ఇరవై రోజులు పని చేస్తే ఒక రోజు జీతంతో సెలవు, కాన్పుకు ప్రసూతి ప్రయోజనం పెట్టిన్రు. ఛాట్ విషయంలో, ఇచ్చే ఆకు, తంబాకు విషయంలో తగాదా వస్తే ఎవరు తేల్చాలో కూడా చెప్పిన్రు. కాగితం మీద మంచి చట్టమే. కేరళలో దాన్ని అమలు చేయబోతే కన్నూరు వైపు కొన్ని పెద్ద కంపెనీలు కార్ఖానాలు మూసేసి వెళ్లిపోయినయి. వేలమంది రోడ్డున పడ్డరు. వాళ్లే కలిసి 1969లో దినేశ్ బీడీ అనే సహకార సంఘం పెట్టుకున్నరు. పొదుపు సంఘాల మనుషులం కాబట్టి ఈ ముక్క మనకు ఇంకా బాగ అర్థమైతది.

ఈ చట్టమే చెల్లదని యజమానులు సుప్రీంకోర్టుకు పోతే, 1974లో కోర్టు చెల్లుతుందని తేల్చింది. దానికి ముందు 1973లో ఇంకో తీర్పు వచ్చింది. అది మన తెలంగాణ ప్రాంతపు దుకాణాల చట్టం కిందనే నడిచిన ఒక దర్జీ దుకాణం కేసు. పీసు లెక్కన కుట్టే దర్జీలు కార్మికులా కాదా అన్నది ప్రశ్న. కుట్టింది నచ్చకపోతే వెనక్కి ఇచ్చి మళ్లీ కుట్టమనే అధికారం యజమానికి ఉన్నప్పుడు వాళ్లు ఆయన పనివాళ్లేనని కోర్టు అన్నది.

తర్వాత 1977లో బీడీ పరిశ్రమకు ప్రావిడెంట్ ఫండ్ వర్తింపజేసిన్రు. ఇంటి పనివాళ్లకు మేమెందుకు కట్టాలని యజమానులు మళ్లీ కోర్టుకెక్కిన్రు. పి.ఎం. పటేల్ అండ్ సన్స్ కేసు అంటరు దాన్ని. 1985లో తీర్పు వచ్చింది. ఇంట్లో జరిగే పనిని మీరు పక్కన నిలబడి చూడకపోవచ్చు, కానీ తెచ్చిన బీడీల్లో బాగాలేనివి తీసేసే హక్కు మీదే కదా, ఆ హక్కే మీ అదుపుకు రుజువు అని కోర్టు చెప్పినట్టయింది. ఇంటి పనివాళ్లకూ పీఎఫ్ ఇవ్వాల్సిందేనన్నది.

అమ్మ కళ్లముందే పక్కకు పడేసిన ఆ బీడీలే ఆమె తరఫున సాక్ష్యం చెప్పినయన్న మాట.

అయితే చట్టం ఎక్కడ ఆగిపోయిందో కూడ రాయాలె. 1966 చట్టంలో శుభ్రత, గాలి, ఇరుకు లేకుండా చూడడం గురించిన నియమాలు కార్ఖానా స్థలానికే. ఇంటికి కావు. కూలి, సెలవు, పీఎఫ్ గడప దాటి లోపలికొచ్చినయి గానీ భద్రత బయటనే నిలబడింది. మెడ నొప్పి, నడుం నొప్పి, దగ్గు మనవే అయినయి. 1976లో పెట్టిన బీడీ కార్మికుల సంక్షేమ నిధితో దవాఖానలు, పిల్లలకు స్కాలర్‌షిప్పులు, ఇళ్లకు సాయం వచ్చినయి, అది చిన్న సంగతి కాదు. దానికి డబ్బు తెచ్చే సెస్సు 2017లో జీఎస్టీతో పోయింది. 2020లో పదమూడు చట్టాలను కలిపి పార్లమెంటు ఒక కోడ్ చేసింది, 1966 చట్టం కూడ అందులో కలిసింది. కాబట్టి కార్మిక శాఖ ఆఫీసుకు పోయినప్పుడు పాత చట్టం పేరు ఒక్కటే పట్టుకొని కూర్చోవద్దు, ఇప్పుడు ఏ నియమం నడుస్తుందో అడగండి.

ఇంకో లోపం మనలోనే ఉంది. ఇంట్లో ముగ్గురు బీడీలు చేస్తే బుక్కు ఒక్కరి పేరు మీదనే ఉంటది. మా ఇంట్లో కూడ అంతే. నేను, అక్క చేసిన బీడీలన్నీ అమ్మ బుక్కులో పడ్డయి. మేమిద్దరం ఏ కంపెనీ లెక్కలోనూ లేము. తెలంగాణలో బీడీ కార్మికులకు ఆసరా పింఛను వచ్చినప్పుడు పీఎఫ్ నంబరు అడిగిన్రు. అమ్మకు వచ్చింది. అదే చాపమీద ముప్పై ఏండ్లు కూర్చున్న మా అక్కకు నంబరు లేదు. పీఎఫ్ పింఛనుకు పదేండ్ల సర్వీసు కావాలె, ఆ పదేండ్లు కాగితం మీద కనబడాలె.

ఇది బీడీల దగ్గరే ఆగే సంగతి కాదు. అగర్‌బత్తీలు, జాకెట్ల కుట్టు, బ్యాగుల పని ఇంటికి తెచ్చుకునే చెల్లెళ్లు మన సంఘాల్లో చాలామంది ఉన్నరు. సరుకు మనమే కొని, మనమే అమ్ముకుంటే అది మన వ్యాపారం. సరుకు వాళ్లదై, కొలత వాళ్లదై, బాగాలేదని తీసేసేది కూడా వాళ్లే అయితే, మేం మీ పనివాళ్లమేనని అడగడానికి ఈ తీర్పులు దారి చూపిస్తయి.

పోయిన ఏడు మా గ్రామ సంఘం మీటింగులో ఈ 1985 తీర్పు సంగతి చెప్పిన. అరవై దాటిన ఒక పెద్దమ్మ చివరిదాకా విని, “మరి బిడ్డా, ఛాట్ తీసినప్పుడు చీటీ ఎందుకియ్యరు?” అన్నది. ఎవరి దగ్గరా జవాబు లేదు. ఆ నెల నుంచి మా ఊళ్లో పదకొండు మంది ఒక నోటుబుక్కు పెట్టుకున్నరు. తేదీ, ఇచ్చిన ఆకు, తంబాకు, తెచ్చిన బీడీలు, ఛాట్ అయినవి రోజూ రాస్తున్నరు. చదువు రాని వాళ్లకు బడికి పోయే మనవరాళ్లు రాసి పెడుతున్నరు.