కాటపుల్ట్ నమూనా

కాటపుల్ట్ అనగా వంచిన చేయిలోనో, మెలిపెట్టిన త్రాళ్ళలోనో నిల్వ ఉన్న శక్తిని ఒక్కసారిగా విడుదల చేసి, మందుగుండు లేకుండా రాళ్ళను దూరంగా విసిరే యంత్రం. పూర్వం దీనిని కోటల ముట్టడిలో ఉపయోగించేవారు. ఐస్‌క్రీం పుల్లలు, రబ్బరు బ్యాండ్లతో చేసే దీని చిన్న నమూనా పాఠశాలలలో భౌతిక శాస్త్ర ప్రాజెక్టుగా ప్రసిద్ధి చెందినది. పొలాలలో పిట్టలను తోలే వడిసెల కూడా రాయిని విసిరేదే అయినా, అది మనిషి చేతి ఊపుతోనే పనిచేస్తుంది కనుక ఈ కోవలోకి రాదు.

చరిత్ర

క్రీ.పూ. 399లో సిసిలీ ద్వీపంలోని సిరక్యూస్ నగరంలో కాటపుల్ట్ కనిపెట్టబడినదని గ్రీకు చరిత్రకారుడు డయోడొరస్ పేర్కొన్నాడు. మధ్యయుగాలలో ఒకవైపు బరువు క్రిందికి పడగా రెండవవైపు రాయి ఎగిరే ట్రెబుషే వాడుకలోకి వచ్చింది. 1310లో మాలిక్ కాఫుర్ ఓరుగల్లు కోటను ముట్టడించినపుడు రాళ్ళు విసిరే యంత్రాలను ఉపయోగించినట్లు అమీర్ ఖుస్రో వ్రాశాడు. విసిరిన వస్తువు పరావలయ మార్గంలో పోతుందని గెలీలియో 1638లో ప్రచురించిన గ్రంథంలో నిరూపించాడు.

తయారీ

ఏడు పుల్లలను ఒకదానిపై ఒకటి పేర్చి రెండు చివరల రబ్బరు బ్యాండ్లతో బిగించాలి. మరో రెండు పుల్లలను ఒక చివర మాత్రమే కలిపి కట్టి, వాటి మధ్యకు ఈ కట్టను అడ్డంగా దూర్చి, కలిసే చోట మరొక బ్యాండు వేయాలి. పై పుల్ల చివర సీసా మూతను జిగురుతో అంటిస్తే చేయి సిద్ధమవుతుంది. జిగురు పూర్తిగా ఆరకముందే ప్రయోగిస్తే రాయికి బదులు మూతే ఎగిరిపోతుంది.

మూతను క్రిందికి నొక్కి వదిలితే అందులోని వస్తువు పుల్లలు కట్టిన చివర వైపు ఎగురుతుంది. వస్తువు సుమారుగా చేతికి లంబదిశలో బయలుదేరుతుంది. అందుచేత చేయి బల్లతో 30 డిగ్రీల కోణంలో ఉంటే ప్రక్షేప కోణం 60 డిగ్రీలకు దగ్గరగా ఉంటుంది. పుల్లల కట్టను కట్టిన చివరకు జరిపితే చేయి నిటారవుతుంది, వస్తువు తక్కువ ఎత్తున పోతుంది. చాలా నమూనాలు వస్తువును పైకే తప్ప దూరానికి విసరకపోవడానికి కారణం ఇదే.

కొలతలు

ఎంత దూరం విసిరిందని చూపడంతోనే చాలామంది ఆపేస్తారు. నిజానికి ఇచ్చిన శక్తిలో ఎంత భాగం వస్తువుకు చేరిందో తెలుసుకోవడమే ఇందులోని అసలు ప్రయోగం.

స్ప్రింగ్ త్రాసును మూతకు తగిలించి క్రిందికి లాగినపుడు 4 సెంటీమీటర్ల వద్ద బలం 3 న్యూటన్లు అనుకుందాం. బలం సున్న నుండి క్రమంగా పెరుగుతుంది కనుక సగటు బలం 1.5 న్యూటన్లు. చేసిన పని 1.5 × 0.04 = 0.06 జౌళ్ళు. ఇదే స్థితిజ శక్తిగా నిల్వ ఉంటుంది.

5 గ్రాముల రబ్బరు ముక్క 45 డిగ్రీల కోణంలో బయలుదేరి, అదే ఎత్తులో ఉంచిన ఇసుక పళ్ళెంలో 1.2 మీటర్ల దూరాన పడినదనుకుంటే, ఈ కోణానికి వేగ వర్గం వ్యాప్తి, గురుత్వ త్వరణాల లబ్ధానికి సమానం. అనగా 1.2 × 9.8 = 11.76. గతిజ శక్తి సుమారు 0.03 జౌళ్ళు. సగం శక్తి మాత్రమే వస్తువుకు చేరినది. మిగిలినది చేయి కదలడానికి, ఆగిన తరువాత అది కంపించడానికి, రబ్బరు వేడెక్కడానికి, శబ్దానికి ఖర్చవుతుంది.

వస్తువు బరువును సగానికి తగ్గిస్తే వ్యాప్తి రెట్టింపు కావాలని విద్యార్థులు ఊహిస్తారు. అలా జరగదు. చేయి తన బరువును కూడా మోయాలి కనుక తేలిక వస్తువుకు దక్కే శక్తి తగ్గుతుంది. కాగితపు ఉండనైతే గాలి కూడా నిలువరిస్తుంది. ఫలితం పుస్తకంలోని లెక్కతో సరిపోలేదని అంకెలను దిద్దరాదు. ఆ తేడాయే ప్రాజెక్టు నివేదికలో వ్రాయవలసిన విషయం. ఒకే అమరికతో కనీసం పది సార్లు విసిరి, సగటుతో పాటు అతి తక్కువ, అతి ఎక్కువ దూరాలను కూడా నమోదు చేయాలి.

జాగ్రత్తలు

గోళీలు, గులకరాళ్ళు వాడరాదు. తెగిన రబ్బరు బ్యాండు కంటికి తగిలే అవకాశం ఉన్నందున కళ్ళద్దాలు ధరించాలి. వస్తువు ఎగిరే దిశలో ఎవరూ నిలబడరాదు.