కొవిడ్ కాలంలో వైద్య సిబ్బంది నిద్రలేమి (కరీంనగర్, ఆదిలాబాద్)

కొవిడ్ మహమ్మారి రోజుల్లో డాక్టర్లు, స్టాఫ్ నర్సులు, ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు, పారిశుద్ధ్య సిబ్బందిలో కనిపించిన నిద్రలేమిని ఆందోళన, కుంగుబాటులతో కలిపి చూడటం వైద్యంలో వాడుక. నిద్ర పట్టకపోవడం, మధ్యలో మెలకువ వచ్చి మళ్లీ కన్ను మూతపడకపోవడం, తెల్లవారకముందే లేచి కూర్చోవడం వంటివి వారానికి కనీసం 3 రాత్రుల చొప్పున 3 నెలలు సాగి, పగటి పనిని దెబ్బతీస్తే అది దీర్ఘకాలిక నిద్రలేమి. నైట్ డ్యూటీ వల్ల పడుకునే తీరికే లేకపోవడం వేరు, తీరిక ఉన్నా నిద్ర రాకపోవడం వేరు. కొవిడ్ వార్డుల్లో ఈ రెండూ కలిసిపోయాయి.

ఉత్తర తెలంగాణలో ఈ కథ కరీంనగర్‌తో మొదలైంది. 2020 మార్చి మధ్యలో ఇండోనేషియా నుంచి వచ్చిన ఒక బృందంలో కేసులు బయటపడ్డాయి. దేశమంతా లాక్‌డౌన్ పెట్టకముందే ఆ పట్టణంలో వైద్య బృందాలు ఇంటింటికీ తిరిగి జ్వరం, దగ్గు ఉన్నాయా అని ఆరా తీశాయి. అప్పటికి ఈ వైరస్ గురించి అందరికీ తెలిసింది తక్కువే, సిబ్బందికీ అంతే. ఆదిలాబాద్‌లో భారం ప్రధానంగా 2008లో మొదలైన రిమ్స్ ఆసుపత్రి మీద పడింది. అక్కడి నుంచి హైదరాబాద్ సుమారు 300 కిలోమీటర్లు. రోగికి ఊపిరి అందనప్పుడు పెద్దాసుపత్రికి పంపాలా, ఇక్కడే చూడాలా అన్న నిర్ణయానికి ఆ దూరం అడ్డు నిలిచేది.

భయం డ్యూటీతో పోయేది కాదు. పీపీఈ కిట్‌లో గంటల తరబడి నీళ్లు తాగకుండా, మూత్రానికి వెళ్లకుండా పనిచేసినవాళ్లకు ఇంటికి చేరాక అసలు బెంగ మొదలయ్యేది: ఇంట్లో పసిపిల్లలకో, ముసలివాళ్లకో అంటిస్తామేమోనని. వేరే గది లేని అద్దె ఇంట్లో క్వారంటైన్ మాటకే పరిమితం. 2020 మార్చిలో ఐసీఎంఆర్ సిబ్బందికి ముందుజాగ్రత్తగా సూచించిన హైడ్రాక్సీక్లోరోక్విన్ దుష్ప్రభావాల్లో పీడకలలు, నిద్రలేమి కూడా ఉన్నాయి. అయితే ఎంతమందిలో నిద్ర చెడటానికి ఆ మాత్ర కారణమో విడదీసి చెప్పడం కష్టం.

ఆశా కార్యకర్తల పరిస్థితి ఇంకో రకం. వాళ్లకు వచ్చేది జీతం కాదు, ప్రోత్సాహకం. 2021 మేలో రెండో వేవ్ ఉధృతంగా ఉన్నప్పుడు చేసిన జ్వర సర్వేలో వాళ్లు గడప గడపకూ వెళ్లి లక్షణాలు అడిగారు, మందుల కిట్లు పంచారు. సొంత ఊళ్లోనే వైరస్ మోసుకొచ్చే మనిషిగా అనుమానపు చూపులు భరించడం ఐసీయూ డ్యూటీకి తీసిపోని ఒత్తిడి. ఆసుపత్రి సిబ్బందిని మాత్రమే లెక్కించే సర్వేల్లో ఇది కనబడదు. సిబ్బందిపై దాడులు పెరగడంతో 2020 ఏప్రిల్ 22న కేంద్రం ఆర్డినెన్స్ తెచ్చింది, తీవ్ర గాయాలకు గరిష్ఠంగా 7 ఏళ్ల జైలు శిక్ష ఉండేలా చేసింది.

నిద్రలేమి తీవ్రతను కొలవడానికి ఎక్కువగా వాడిన ప్రశ్నావళిలో 7 ప్రశ్నలు ఉంటాయి, మొత్తం 28 మార్కులు. 15 లేదా అంతకంటే ఎక్కువ వస్తే వైద్యం అవసరమయ్యే స్థాయిగా చూస్తారు. చైనాలోని 34 ఆసుపత్రుల్లో 1,257 మందిపై 2020లో జరిగిన అధ్యయనంలో 34 శాతం మందిలో నిద్రలేమి లక్షణాలు, 71.5 శాతం మందిలో మానసిక క్షోభ కనిపించాయి. నర్సులు, మహిళలు, రోగులను నేరుగా చూసినవారిలో తీవ్రత ఎక్కువ. ఇవి ఎవరికి వారు చెప్పుకున్న జవాబులు, డాక్టరు నిర్ధారించిన జబ్బు కాదు.

చికిత్సలో మొదటి స్థానం మాత్రలది కాదు, నిద్ర అలవాట్లనూ ఆలోచనలనూ సరిదిద్దే ప్రవర్తనా చికిత్సది. చేతికందే దూరంలో మందులున్న సిబ్బందికి నిద్రమాత్ర తేలిక దారి, అందుకే అలవాటయ్యే ప్రమాదమూ వారికి ఎక్కువే. 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ హెల్ప్‌లైన్ (14416) ద్వారా ఇప్పుడు తెలుగులోనూ మాట్లాడవచ్చు. ప్రవర్తనా చికిత్స రోజూ ఒకే వేళకు లేవమంటుంది. వారానికోసారి షిఫ్టు మారే నర్సుకు ఆ నియమం కుదరాలంటే ముందు డ్యూటీ చార్టు మారాలి.