గజాలు లెక్కకెక్కిన కథ

1962లో ఓక్లాండ్ రైడర్స్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు న్యూయార్క్ వెళ్లినప్పుడు, అందులో వాటాదారైన బిల్ వింకెన్‌బాక్ ఓ హోటల్లో, నిజమైన ఆటగాళ్లను ఎంచుకుని వాళ్ల ఆటను బట్టి పాయింట్లు కూడుకునే ఫ్యాంటసీ ఫుట్‌బాల్‌కు రూపమిచ్చాడు. మరుసటి ఏడాది ఓక్లాండ్‌లో, ఆయన ఇంటి నేలమాళిగలోనే, ఆటగాళ్ల తొలి ఎంపిక జరిగింది. అందరికంటే ముందు ఎంపికైన ఆటగాడు జార్జ్ బ్లాండా.

అప్పట్లో లెక్కంతా స్కోరుదే. టచ్‌డౌనో ఫీల్డ్ గోలో కావాలి, అంతే. ఒకడు చెమటోడ్చి బంతిని 90 గజాలు మోసుకెళ్లి గోల్ గీతకు గజం దూరంలో పడితే సున్నా. ఆ వెంటనే ఆ గజం దూకినవాడికి మొత్తం ఫలం!

ఆ నేలమాళిగలో మొదలైన తొలి లీగ్ సభ్యుడు ఆండీ మౌసాలిమస్ 1969లో తన కింగ్స్ ఎక్స్ బార్‌లో ఈ ఆటను మామూలు జనానికి అందించాడు. గజాలకూ పాయింట్లు ఇవ్వడం అక్కడే ఊపందుకుంది. పొద్దున్నే పేపర్లో గణాంకాలు చూసి చేత్తో కూడుకునే రోజులవి.

తర్వాత, బంతి పట్టుకుని పరిగెత్తే రన్నింగ్ బ్యాక్‌ల మోజు తగ్గించడానికి ప్రతి క్యాచ్‌కీ ఒక పాయింటు వచ్చింది. దీంతో కొత్త వింత: పది గజాలకు పాయింటు లెక్కన, బంతి పట్టి రెండు గజాలు వెనక్కి పోయినవాడికీ 0.8 దక్కుతుంది. అన్యాయమే మరి. అందుకే చాలా లీగులు అర పాయింటుతో రాజీపడ్డాయి.